నాన్న పోయి ఆర్నెల్లు కావస్తోంది, ఏడుపు ఇప్పుడు వస్తోంది

తెనాలి_అమ్మాయి

అందరికీ నమస్తే. గజిబిజిగా రాస్తే ఏమనుకోకండి, రాత్రి నిద్ర పట్టక రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్ళిన వారంలో మా నాన్న పోయారు. రాత్రి భోంచేశాక ఛాతీలో మంటగా ఉందన్నారట, అమ్మ గ్యాస్ అనుకుని వాము నీళ్ళు కాచి ఇచ్చింది, కాస్త నయమనిపించి పడుకున్నారు, తెల్లవారుజామున మళ్ళీ మొదలై ఆటోలో తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. నేను హైదరాబాద్ నుంచి వెళ్ళేసరికి వరండాలో పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టేశారు. అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచాం.

నేను ఏడవలేదు. షామియానా ఎవరికి చెప్పాలి, పెద్దకర్మ కార్డుల్లో ఎవరి పేరు ముందు రావాలి, వంటవాళ్ళకి ఎంతమందని చెప్పాలి, ఇదే సరిపోయింది. "పిల్ల భలే గుండె నిబ్బరం" అని మా అత్త ఎవరితోనో అంటుంటే విన్నాను. పదకొండోరోజు అయ్యాక అన్నయ్య వెళ్ళిపోయాడు, వాడి సెలవులు అంతే. నేనూ వచ్చి ఆఫీసులో పడ్డాను. అంతా బాగానే ఉందనుకున్నాను.

పోయిన నెల మా ఆయనకి ప్యాంటు కొందామని బట్టల షాపుకి వెళ్ళాం. అక్కడ ఆల్టరేషన్ చేసే పెద్దాయన మెడలో టేపు వేసుకుని, మోకాళ్ళ మీద కూచుని ప్యాంటు కింద మడతకి గుండుసూది పెడుతున్నాడు. ఇక నా వల్ల కాలేదు. అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాను, మా ఆయన బిల్లు కూడా కట్టకుండా నన్ను బయటికి తీసుకొచ్చాడు. మా నాన్న టైలర్ అని చెప్పలేదు కదూ. బోసు రోడ్డు వెనక సందులో నలభై ఏళ్ళ పైనే అదే షాపు. అప్పట్నుంచి లిఫ్టులో, మీటింగులో, కూరగాయల బండి దగ్గర, ఎక్కడపడితే అక్కడ ఏడుపు వస్తోంది. పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడేంటి?

షాపు ఇంకా అలాగే ఉంది. షెల్ఫుల్లో జనం ఇచ్చిన గుడ్డలు కొన్ని కత్తిరించి ఉన్నాయి, కొన్ని సగం కుట్టి ఉన్నాయి, ఒక తెల్లచొక్కాకి కాజాలు ఒక్కటే మిగిలాయి. అమ్మ తాళం చెవి ఎవరికీ ఇవ్వదు. ఓనరు మర్యాదగానే అడుగుతున్నాడు, ఉంచుకుంటారా ఖాళీ చేస్తారా అని.

అమ్మ సంగతి ఇంకో దిగులు. ఎప్పటిలా నాలుగున్నరకి లేచి రెండు గ్లాసుల టీ పెడుతోంది. కాసేపు చూసి రెండోది సింకులో పారబోస్తుంది. ఎవరడిగినా "నాకేం, బాగానే ఉన్నా" అంటుంది. నాతో మాత్రం ఒకటే మాట, "ఆ వాము నీళ్ళు ఇచ్చి పడుకోబెట్టకుండా ఉంటే". పదోరోజు గాజులు తీయించేటప్పుడు నేను వద్దని గొడవపడ్డాను. అమ్మే నా చెయ్యి పట్టుకుని "చెయ్యనివ్వవే, లోకం ఊరుకోదు" అంది. నిజం చెప్పాలంటే నాన్న ముఖం కంటే ఆ పదోరోజే నాకు ఎక్కువ గుర్తొస్తోంది. హైదరాబాద్ తీసుకొచ్చేద్దామంటే రానంటోంది, అన్నయ్యేమో బలవంతంగానైనా తీసుకెళ్ళు అని ఫోన్లో ఆర్డర్లు వేస్తున్నాడు.

మీ ఇళ్ళల్లో ఇలాంటిది జరిగినప్పుడు ఏం చేశారు? ధైర్యంగా ఉండు అని మాత్రం చెప్పకండి, ఆ మాట విని విని విసుగొచ్చింది.


కృష్ణలంక_అక్క

అమ్మాయీ, నేను మీ అమ్మ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే నేనూ ఆ పీట మీద కూచున్నదాన్నే. మా ఆయన పోయినప్పుడు నాకు నలభై నిండలేదు.

పదకొండోరోజు దాకా ఇంట్లో కాలు పెట్టే సందు ఉండదు. పన్నెండోరోజు నుంచి ఫ్యాను చప్పుడు వినపడుతుంది. చుట్టాలు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ బడులు, వాళ్ళ పొలాలు వాళ్ళవి. అసలు మనుషులు కావాల్సింది మూడో నెల, నాలుగో నెల. అప్పుడు ఎవ్వరూ రారు, ఎందుకంటే అప్పటికి మనం తేరుకున్నామని వాళ్ళ లెక్క. కాబట్టి మీరు ఇప్పుడు వెళ్ళండి. ప్రతి నెలా మాసికానికి ఎలాగూ వెళ్తుంటారేమో, అది కాక మామూలు రోజుల్లో, ఏ పనీ లేకుండా వెళ్ళండి.

టీ పారబోస్తే పారబోయనివ్వండి. ఆ చేతులకి అది అలవాటు, మనసుతో పనిలేకుండా పెట్టేస్తాయి. మీరున్నప్పుడు ఆ గ్లాసు మీరందుకోండి, లేనప్పుడు ఆమె ఇష్టం. మా ఇంట్లో నేను చాలాకాలం బియ్యం ఇద్దరికి కొలిచాను, తర్వాత ఎప్పుడో కొలత దానంతటదే తగ్గింది.

ఇంకోటి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఆమెని మీ నాన్న మీద కోపగించుకోనివ్వండి. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు మనవాళ్ళు, కానీ అన్నేళ్ళ కాపురంలో ఎన్ని ఉంటాయి! మా ఆయన నాకు చెప్పకుండా చేసిన అప్పు పెద్దకర్మ భోజనాల దగ్గర తెలిసింది. ఏడవాలా తిట్టాలా నాకు అర్థం కాలేదు. తిడితే పాపమన్నారు. మా అక్క ఒక్కతే "తిట్టవే, నేను వింటా" అంది, ఆ రాత్రి తిట్టినంతసేపూ తిట్టి ఆ తర్వాత మొదటిసారి సరిగ్గా ఏడ్చాను. పొగతాగుడో, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాకపోవడమో, మీ అమ్మకీ ఏదో ఒకటి ఉంటుంది లోపల.

గాజుల సంగతి. మీ కోపం న్యాయమే. నేను ఏడాది తిరగ్గానే బొట్టు పెట్టుకున్నాను, పుట్టినప్పట్నుంచీ ఉన్న బొట్టు మధ్యలో వచ్చిన మనిషితో ఎందుకు పోవాలని. పేరంటాలకి పిలవడం మానేసినవాళ్ళు మానేశారు. కానీ అది నా అంతట నేను చేసిన పని. మీరు మీ అమ్మ నుదుటి మీద విప్లవం చేయకండి. రెండు రంగు చీరలు కొనుక్కెళ్ళి బీరువాలో పెట్టి ఊరుకోండి. కట్టుకుంటే కట్టుకుంటుంది.

హైదరాబాద్ మాట ఏడాది దాకా ఎత్తకండి. ఆ వీధిలో ఆమెకి పాలవాడు తెలుసు, పక్కింటావిడ తెలుసు. మీ ఫ్లాట్లో మీరిద్దరూ ఆఫీసుకి పోతే ఆమె గోడలు చూస్తూ కూచోవాలి.


శ్రీరామదాసు

అమ్మా, పెద్దవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. అతిగా ఏడిస్తే పోయినవారి ఆత్మకు శాంతి ఉండదు. పుట్టినవాడికి మరణం తప్పదని భగవద్గీత చెప్తూనే ఉంది. రోజూ రెండో అధ్యాయం చదవండి. మాసికాలు లోపం లేకుండా జరిపించండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, రాజమండ్రి వెళ్ళి మీ అన్నగారి చేత పిండప్రదానం చేయించండి. కౌన్సెలింగులూ అవీ మన పద్ధతి కాదు.


పద్యాల_మాస్టారు

శ్రీరామదాసు గారూ, మాసికాలు, పుష్కరాలు సరే. ఏడవకూడదన్న మాట దగ్గర మాత్రం మీ పేరులో ఉన్నాయనే మీతో ఏకీభవించడు. అయోధ్యకాండలో భరతుడు చిత్రకూటానికి వచ్చి దశరథుడు పోయాడని చెప్పగానే రాముడు గొడ్డలి తగిలిన చెట్టులా కూలిపోయాడని వాల్మీకి రాశాడు. తేరుకుని, ఏడ్చి, మందాకినిలో తర్పణం వదిలి, అడవిలో దొరికే గారకాయల పిండిలో రేగుపళ్ళు కలిపి దర్భల మీద పిండం పెట్టాడు. "నాన్నా, మేం తినేది ఇదే, ఇదే తిను, మనిషి ఏది తింటే వాడి దేవతలూ అదే తింటారు" అంటాడు. చక్రవర్తికి గారపిండి పెట్టాల్సి వచ్చిందే అని కౌసల్య మళ్ళీ ఏడుస్తుంది. ధర్మరాజుకి యుద్ధం గెలిచాక కూడా దుఃఖం ఆగక, ఆయన్ని ఓదార్చడానికే శాంతిపర్వం అంతా నడిచింది. మన గ్రంథాల్లో ఏడుపుకి ఎవరూ కొరత పెట్టలేదండీ, అది మనం తర్వాత తెచ్చిపెట్టుకున్న పొదుపు.


చీరాల_కుట్టుమిషన్

నేను టైలర్నే, అందుకని షాపు సంగతి చెప్తా. మిగతావి పెద్దవాళ్ళు చెప్తారు.

ముందు బిల్లు పుస్తకం తీయండి. మనోళ్ళు బిల్లుకి గుడ్డ ముక్క ఒకటి పిన్ను కొట్టి ఉంచుతారు, షెల్ఫులో ఏ గుడ్డ ఎవరిదో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ఎంత అడ్వాన్సు ఇచ్చారో కూడా అందులోనే ఉంటుంది. కత్తిరించని గుడ్డలు ఫోన్ చేసి ఇచ్చేయండి, అడ్వాన్సు తిరిగిస్తామంటే నూటికి తొంభై మంది తీసుకోరు, అయినా మీరు ఇవ్వబోవాలి. కత్తిరించినవి మాత్రం ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకండి. లోపల కుట్టుకి ఎంత గుడ్డ వదిలారు, చంక దగ్గర ఎలా తిప్పారు, ఒక్కో మాస్టరుది ఒక్కో పద్ధతి. మీ నాన్నగారి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడెవరైనా ఆ చుట్టుపక్కల ఉండే ఉంటాడు, అతనైతే ఆయన సుద్దగీత చదవగలడు. కొలతల పుస్తకం కూడా అతని ముందు పెట్టండి, పొడవు, భుజం, ఛాతీ, చెయ్యి, కాలరు అని వరసగా అంకెలే ఉంటాయి, బయటివాళ్ళకి అర్థం కావు.

కాజాలు మిగిలిన చొక్కా అన్నారే, అది పూర్తి చేయించి మీరే స్వయంగా ఇవ్వండి. అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. తాళం ఇవ్వకపోవడానికి కారణం ఏమిటంటే జనం గుడ్డలు ఆయన పేరు మీద బాకీ ఉన్నాయని ఆమెకి ఉండి ఉంటుంది, మా ఇంటావిడ అయినా అదే అనుకుంటుంది. ఆ బాకీ తీరిపోతే షాపు ఉంచాలా వదలాలా అన్నది తర్వాత సంగతి. మిషను మాత్రం ఇప్పుడే అమ్మకండి. పాత మిషనుకి ఎవడూ సరైన రేటు ఇవ్వడు, పైగా తర్వాత కావాలంటే దొరకదు.


రాత్రి_ఓపీ

నేను ఆసుపత్రిలో సైకాలజిస్టుగా పనిచేస్తాను. ఇక్కడ కూచుని ఎవరికీ జబ్బు పేరు పెట్టను, మీరు అడిగినదానికి తెలిసింది చెప్తాను.

పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడేంటి అన్నారు. దుఃఖానికి ఐదు దశలని ఇంటర్నెట్లో చదివే ఉంటారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే డాక్టరు 1969లో చెప్పిన మాట అది. ఆమె ప్రధానంగా మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో, పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళతో కాదు. జనం దాన్ని తీసుకొచ్చి అందరికీ అంటగట్టారు, ఆ వరస ప్రకారం రాకపోతే నాలో ఏదో లోపం ఉందని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానికంటే నాకు నచ్చేది 1999లో స్ట్రోబ్, షుట్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు చెప్పింది. మనిషి కాసేపు పోయినవాళ్ళ తలపుల్లో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. ఆ అటూ ఇటూ తిరగడమే తేరుకోవడం. మీరు ఆ పదకొండు రోజులూ, తర్వాత ఆఫీసులోనూ పూర్తిగా పనుల వైపే ఉండిపోయారు. ఇప్పుడు రెండోవైపుకి వచ్చారు, టేపు వేసుకున్న ఆ పెద్దాయన తలుపు తీశాడు, అంతే. లిఫ్టులో వస్తే లిఫ్టులో ఏడవండి. కావాలంటే రోజులో ఒక అరగంట ఆయన ఫోటోలు ముందేసుకుని కూచోండి, కొంతమందికి అలా ఒక సమయం ఇస్తే మిగతా వేళల్లో కాస్త అదుపులో ఉంటుంది. అందరికీ కాదు.

ఎప్పుడు ఆలోచించాలంటే, నెలలు గడిచేకొద్దీ ఒక్క పిసరు కూడా తగ్గకుండా, తిండి, నిద్ర, పని ఏదీ సాగనివ్వకుండా ఉంటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, 2022 నుంచి అమల్లో ఉంది, అందులో ఇలా విడవకుండా ఉండే దుఃఖానికి కనీసం ఆరు నెలలని గడువు పెట్టారు. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో పెద్దవాళ్ళకి ఏడాది. రెండిట్లోనూ ఆ మనిషి సమాజంలో ఉండే ఆచారాన్ని కూడా చూడాలని రాశారు. మన దగ్గర ఏడాదిపాటు పండగ చేసుకోకుండా ఉండటం ఎలాగూ ఉంది కాబట్టి నేను తొందరపడి ముద్ర వేయను. మీరు ఉద్యోగం చేస్తున్నారు, తింటున్నారు, ఇంత పొడుగు రాశారు కూడా.

అమ్మగారి విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్త పడండి. బీపీకో షుగరుకో మాత్రలు వాడుతుంటే షీటులో ఎన్ని మిగిలాయో చూడండి, భర్త పోయాక మందులు మానేసే ఆడవాళ్ళు చాలామంది, చెప్పరు. చీర కుచ్చిళ్ళు పెరిగాయా అంటే బరువు తగ్గుతున్నట్టు. ఛాతీలో బరువు, ఆయాసం అంటే దిగులని కొట్టిపారేయకుండా ఈసీజీ తీయించండి. పెద్ద దుఃఖం తర్వాత గుండె కండరం ఉన్నట్టుండి నీరసపడే జబ్బు ఒకటి ఉంది, 1990లో జపాన్ డాక్టర్లు పేరు పెట్టారు, టాకోట్సుబో అని, నడివయసు దాటిన ఆడవాళ్ళలో ఎక్కువ. భయపెట్టడానికి కాదు, అరుదే, మామూలుగా తగ్గిపోతుంది కూడా, కానీ చూపించుకోవాలి.

ఇక వాము నీళ్ళు. వాము నీళ్ళు గుండెపోటు తేవు. గుండెనొప్పిని గ్యాస్ అనుకోవడం డాక్టర్లున్న ఇళ్ళల్లో కూడా జరుగుతోంది. ఈ మాట మీరు వందసార్లు చెప్పినా ఆమె వినరు, కూతురు ఓదార్చడానికి చెప్తోంది అనుకుంటారు. మీ ఊళ్ళో ఆమెకి నమ్మకమున్న డాక్టరు ఉంటే ఆయన ఎదురుగా కూచోబెట్టి ఆయన నోటితో చెప్పించండి. నేను చూసినంతలో దీనంత పనిచేసేది ఇంకోటి లేదు.

ఎప్పుడైనా "నేనూ ఆయన దగ్గరికి పోతా" లాంటి మాట వస్తే మాత్రం, ఊరికే అన్నదిలే అనుకోకండి. సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన రాదు. టెలీ మానస్ నంబరు 14416, ప్రభుత్వానిది, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. మీకోసం కూడా చేయొచ్చు, ప్రాణం మీదికి వస్తేనే చేయాలని రూలేం లేదు.

శ్రీరామదాసు గారూ, గీత చదవడానికీ నాతో మాట్లాడటానికీ పోటీ లేదండీ. ఆ గీత మొత్తం ఏడుస్తూ కూలబడిన మనిషితో ఇంకొకరు కూచుని ఓపిగ్గా మాట్లాడటమే కదా.


హన్మకొండ_పోరడు

అక్కా, మాది హన్మకొండ దగ్గర పల్లె. మా తమ్ముడు బైక్ యాక్సిడెంట్లో పోయాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నాకు సలహాలు ఇచ్చేంత తెలివి లేదు, మా ఇంట్లో జరిగింది చెప్తా.

మా ఇంట్లో వాడి పేరు ఎత్తడం బంద్ అయింది. బాపు ముందు అవ్వ ఎత్తదు, అవ్వ ముందు బాపు ఎత్తడు, ఇద్దరి ముందు నేను ఎత్తను. వాడికి ఇష్టమని పచ్చిపులుసు కూడా చేయలేదు చాన్నాళ్ళు. ఒకరినొకరం కాపాడుకుంటున్నాం అనుకున్నాం, అసలు ముగ్గురం మూడు గదుల్లో ఒంటరిగా ఏడుస్తున్నాం. సంవత్సరీకం అయినాక వచ్చిన పెత్రమాసకి పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం కదా, చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు పెట్టుకుని పోయాం. అయ్యగారు ఎవరి పేరు మీద అని అడిగాడు. తాతది, నాయనమ్మది బాపు చెప్పాడు, తర్వాత గొంతు రాలేదు. అవ్వ చెప్పింది, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా. ఇంటికి వచ్చే తొవ్వలో బాపు వాడి చిన్నప్పటి ముచ్చట ఒకటి తీశాడు, చెరువులో చెప్పు పోగొట్టుకుని నా మీద చెప్పిన అబద్ధం. మస్తు నవ్వినం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, వాడకట్టు అంతా ఆడుతుంటే అవ్వ అరుగు దిగలేదు గానీ తలుపు మాత్రం వేసుకోలేదు.

మీ నాన్న పేరు ఇంట్లో మామూలుగా అనండి అక్కా. అంతే నాకు తెలిసింది.


ప్లేనో_నుంచి

మీ అన్నయ్య ఆర్డర్లు వేస్తున్నాడన్నారు కాబట్టి రాస్తున్నా. నాకు మా అమ్మ పోయినప్పుడు వీసా గొడవ, బయటికి పోతే తిరిగి రావడం కష్టం, వెళ్ళలేకపోయాను. మా బాబాయి కొడుకు ఫోను పట్టుకుంటే వీడియోలో చూశాను, ఇక్కడ అర్ధరాత్రి, పక్కగదిలో పిల్లలు నిద్ర. చితి దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. తెల్లారి మామూలుగా కారెక్కి ఆఫీసుకి వెళ్ళాను, అక్కడెవరికీ మా అమ్మ తెలియదు, ఎవరితో ఏం మాట్లాడాలి.

దూరంగా ఉన్నవాళ్ళకి చేతికి ఏ పనీ ఉండదు, అందుకని ఫోన్లో పెత్తనం చేస్తాం. ఇది సమర్థన కాదు, మా చెల్లెలు ఇప్పటికీ తిడుతుంది. మీ అన్నయ్యకి ఒక పని అప్పగించండి. షాపు అద్దె వాణ్ణి కట్టమనండి, ప్రతి ఆదివారం ఇంత టైముకి అమ్మతో వీడియో మాట్లాడమనండి, అదీ "తిన్నావా" అని కాదు, నాన్న సంగతులు అడగమనండి. హైదరాబాద్ తీసుకెళ్ళు అన్న మాటకి మాత్రం, నువ్వొచ్చి ఒక నెల ఉండి అప్పుడు చెప్పు అనండి మొహమాటం లేకుండా.


కడప_ఆపా

మా అబ్బా పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, వీధిలోవాళ్ళే వండి తెచ్చారు. అమ్మీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంది, అంటే భర్త పోయాక గడప దాటకుండా ఉండే గడువు. నేనూ మీలాగే కోపం తెచ్చుకున్నాను, ఇదేం కట్టడి అని. చిత్రమేమిటంటే ఇద్దత్ అయిపోయాక అమ్మీకి భయం పట్టుకుంది. ఆ గడువున్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అడగలేదు, నలుగురు ఆడవాళ్ళు వచ్చి పక్కన కూచునేవాళ్ళు, అది తీరగానే నువ్విక మామూలు మనిషివి అన్నట్టు వదిలేశారు. గడప దాటడానికే ఇంకో రెండు నెలలు పట్టింది, మొదట సందు చివరి దాకా, తర్వాత బజారు దాకా నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మీ అమ్మగారిని ఏడాది అవ్వగానే అంతా సర్దుకుంటుందని వదిలేయకండి, ఆ తర్వాతే చూడాల్సి వస్తుందేమో.


తెనాలి_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. రెండు మూడుసార్లు చదివాను. కృష్ణలంక అక్కా, తిట్టనివ్వమన్నారు కదా, నిన్న ఫోన్లో ఊరికే అన్నాను, నాన్నకి మొండితనం ఎక్కువ కదమ్మా అని. "మొండితనమా! దీపావళప్పుడే పరీక్షలు చేయించుకోమంటే పండగ బట్టలు అయిపోనీ అన్నాడు" అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడింది. మధ్యలో ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆఫీసు మెట్ల మీద కూచుని. మంచిదైందో కాదో తెలియదు, ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ ఆకలేసింది.

చీరాల అన్నా, నాన్న దగ్గర పనిచేసిన అబ్బాయి ఉన్నాడు, ఇప్పుడు గుంటూరులో సొంతంగా పెట్టుకున్నాడు. శనివారం వస్తానన్నాడు. అమ్మ తాళం ఇస్తుందో లేదో చూడాలి. డాక్టరు విషయం కూడా ఆ రోజే.

ఒక చిన్న డౌటు. నాన్న ఫోన్ అమ్మ దగ్గరే ఉంది, రోజూ చార్జింగ్ పెడుతోంది. మొన్న రీచార్జ్ అయిపోయింది. అనవసరం ఖర్చు, సిమ్ తీసేయమని అన్నయ్య అంటున్నాడు. అందులో ఆయన నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లు పోతాయా? "అమ్మలూ, తిన్నావా, ఫోనెత్తవేం" ఇవే, కానీ ఉండాలి నాకు.


మీసేవ_మామ

సిమ్ ఇప్పుడే తీసేయొద్దమ్మా, నంబరు కొన్నాళ్ళు వాడకపోతే కంపెనీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది, తర్వాత ఎవరో కొత్త గొంతు ఎత్తుతుంది. అన్నిటికంటే తక్కువ ప్లాను వేయించి ఉంచండి. వాట్సాప్ 120 రోజులు అసలు వాడకపోతే ఖాతా తీసేస్తారు, కాబట్టి ఆయన ఫోను అప్పుడప్పుడు వైఫైకి కలిపి వాట్సాప్ తెరవండి. ఆయన మీకు పంపినవి ఎలాగూ మీ ఫోన్లో ఉంటాయి, ఆ చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో సహా మీ మెయిల్‌కి పంపుకోండి, ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి. ఆయన జీమెయిల్‌లో ఫోటోలు ఉంటే అవి కూడా దించుకోండి, రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాని గూగుల్ తీసేయొచ్చు.

బ్యాంకు సంగతి అడగలేదు గానీ చెప్తున్నా. ఓటీపీలు ఆ నంబరుకే వస్తున్నాయి కదా అని ఆయన ఖాతాలోంచి డబ్బు తీయకండి, ఏటీఎంలో కూడా వద్దు, తర్వాత మీకూ మీ అన్నకీ మధ్య అదో పేచీ అవుతుంది. డెత్ సర్టిఫికెట్ తీసుకునే ఉంటారు, నామినీగా అమ్మ పేరుంటే ఆ సర్టిఫికెట్, అమ్మ ఆధార్ పట్టుకుని బ్రాంచికి వెళ్ళి క్లెయిమ్ ఫారం ఇవ్వండి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది, లేటు చేస్తే ఆ మాట గుర్తు చేయండి. షాపు కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉందో కూడా శనివారం వెళ్ళినప్పుడు చూసి రాయండి, ఓనరు పేరైతే గొడవ లేదు, నాన్న పేరైతే అది మార్పించే పద్ధతి చెప్తాను.